ఇంగ్లండ్‌లో పాత మఠం కనిపిస్తే దాని చరిత్ర ఎట్టా పట్టుకోవాల: బోల్టన్ ప్రయరీ పెట్టుకుని చెప్తా

లీడ్స్‌లో మా పాప దగ్గర ఆర్నెల్లు ఉండొచ్చినాం నేనూ మా ఇంటామె. మాది కోవూరు పక్కన పల్లె. మన నెల్లూరు, ఒంగోలు వైపు పిలకాయలు చదువుకనీ ఉద్యోగాలకనీ ఆ దేశానికి బాగా పోయుండారు కాబట్టి తల్లిదండ్రులు విజిటర్ వీసా మీద పోయి రావడం ఇప్పుడు మామూలైపోయింది. పోయినాక శనాదివారాలు మనల్ని కారెక్కించి యాడికో ఒకచోటికి తీసకపోతారు, అక్కడ పచ్చగడ్డి మధ్యలో కప్పు లేని రాతిగోడలు నిలబడుంటాయి, బోర్డు మీద ప్రయరీ అనో అబ్బే అనో ఉంటుంది, నాలుగు ఫోటోలు దిగి ఐస్‌క్రీం తినేసి వచ్చేస్తాం. బోల్టన్ అబ్బేకి, అదే పైన చెప్పిన బోల్టన్ ప్రయరీకి, మొదటిసారి పోయినప్పుడు నేనూ అంతే చేసినా. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలా. ఒకే కట్టడంలో పడమటి సగానికి కప్పుంది, తలుపులున్నాయి, ఆదివారం ప్రార్థన జరుగుతుంది, తూర్పు సగం మాత్రం ఆకాశానికి తెరుచుకుని ఉంది, పెద్ద కిటికీ చట్రంలో అద్దం లేదు, దాంట్లోంచి వార్ఫ్ నది కొండవాలు కనపడతా ఉంది. సగం బతికి సగం చచ్చిపోవడం ఏంది అనేది నా బుర్రలోంచి పోలా.

ఆ ప్రశ్న పట్టుకుని మిగతా నాలుగు నెలలు కూర్చున్నా. ఇంగ్లీష్ చదవడం వస్తుంది, లాటిన్ రాదు, చరిత్ర డిగ్రీ లేదు. మా తాత కరణం చేసినాడు, చిన్నప్పుడు అడంగల్ పుస్తకాల వాసనలో పెరిగినా, అదొక్కటే నాకున్న అర్హత. చివరికి ఆ అలవాటే పనికొచ్చింది. పాత మఠం చరిత్ర కావాలంటే రాజుల పేర్ల వెంట పోవద్దు, భూమి వెంట పోండి. ఎవరిచ్చినారు, ఎంతిచ్చినారు, దాని మీద ఏం పండింది, లెక్క ఎవరు రాసినారు, చివరికి ఎవరి చేతికి పోయింది, ఈ ఐదు ప్రశ్నలకీ జవాబు దొరికితే చరిత్ర వచ్చేసినట్టే.

మొదట పేరు తేల్చుకోండి. అబ్బేకి పెద్ద అబ్బట్, ప్రయరీకి పెద్ద ప్రయర్. బోల్టన్ ఎప్పుడూ ప్రయరీనే, కానీ ఊరి పేరే బోల్టన్ అబ్బే అయిపోయింది కాబట్టి అబ్బే అని వెతికితే కొన్ని కాగితాలు దొరకవు, రెండు పేర్లతోనూ వెతకాల. అదే లీడ్స్ ఊళ్లోనే ఉన్న కిర్క్‌స్టాల్ నిజంగా అబ్బేనే. తర్వాత ఏ సంప్రదాయం వాళ్లో చూసుకోండి, మన దగ్గర ఇది స్మార్తుల మఠమా వైష్ణవులదా అని అడిగినట్టు. కిర్క్‌స్టాల్‌లో సిస్టర్షియన్లు, తెల్ల బట్టలు. బోల్టన్‌లో ఉండింది అగస్టీనియన్ కానన్లు, నల్ల పైబట్ట వేసేవాళ్లు, వీళ్లు పురోహితులు కూడా, అందుకని చుట్టుపక్కల ఊళ్ల చర్చీలు వీళ్ల కింద ఉండేవి, ఆ ఊళ్లలో పంటలో పదో వంతు వీళ్లకి వచ్చేది. ఈ పదో వంతు సంగతి గుర్తు పెట్టుకోండి, ఆదాయం లెక్కలో అది పెద్ద పద్దు.

ఇంక రెండోది పుట్టుక. దీనికి చార్టర్ అనే కాగితం చూడాల, మన దానశాసనం లాంటిదే. వాళ్లది తోలు మీద సిరాతో రాసి మైనం ముద్ర వేసింది, మనది రాతి మీదో రాగిరేకు మీదో, అంతే తేడా. లాటిన్ చూసి భయపడొద్దు, ఎందుకంటే చార్టర్లన్నీ దాదాపు ఒకే మూసలో ఉంటాయి, ఐదారు మాటలు పట్టుకుంటే చాలు. స్కియాంట్ ప్రెజెంటెస్ ఎట్ ఫుతూరి అని మొదలైతే ఇప్పుడున్నవాళ్లూ రాబోయేవాళ్లూ తెలుసుకోండి అని. ప్రో సలూటె అనిమె మెయె అంటే నా ఆత్మ బాగు కోసం, మన శాసనాల్లో తల్లిదండ్రులకు పుణ్యంగా అని రాసే చోటే అదీ వస్తుంది. ఇన్ పురాం ఎట్ పెర్పెతువాం ఎలెమోసినాం అంటే ఏ పన్నూ ఏ చాకిరీ లేకుండా ఎప్పటికీ దేవుడికిచ్చిన దానం అని, ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది, అది మన ఆచంద్రార్కం, సర్వమాన్యం. హీస్ తెస్తిబుస్ అని వస్తే అక్కడ్నించి సాక్షుల పేర్లు. సాక్షుల్ని దాటేయొద్దు, ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల ఎవరు పెద్దవాళ్లో ఆ పేర్లే చెప్తాయి. దానం చెడగొట్టినవాడికి శాపం కూడా పాత ఆంగ్లో సాక్సన్ చార్టర్లలో ఉండేది, మన కాశీలో కపిల గోవుని చంపిన పాపం మాదిరి.

బోల్టన్ కథ ఇట్టా నడిచింది. 1120 ప్రాంతంలో విలియం మెషిన్, ఆయన భార్య సెసిలీ డి రోమిలీ కలిసి ఎంబ్సే అనే ఊళ్లో ఈ మఠం పెట్టినారు. కొన్నేళ్లకి, 1154 ప్రాంతంలో, వాళ్ల కూతురు ఆలిస్ నది పక్కనున్న బోల్టన్ భూమి ఇచ్చింది, మఠం అక్కడికి మారింది. ఎందుకు మారింది అని అక్కడ ఎవర్ని అడిగినా ఒక కథ చెప్తారు. నది పైభాగంలో స్ట్రిడ్ అని ఒక చోటుంది, వెడల్పాటి నది మొత్తం రెండు రాళ్ల సందులోకి ఇరుక్కుని దూకుతుంది. ఆలిస్ కొడుకు వేటకుక్కని తాడుతో పట్టుకుని ఆ సందు దాటబోయినాడు, వాడు దూకినాడు, కుక్క దూకలా, తాడు వెనక్కి లాగింది, పిల్లోడు నీళ్లలో పడి పోయినాడు, ఆ కడుపుకోతతో తల్లి ఆ భూమిని మఠానికి రాసిచ్చింది అని. మా మనవడికి ఈ కథ చెప్తే రెండు రోజులు దాని గురించే అడిగినాడు. కానీ భూమి మార్పిడి చార్టర్‌లో ఆ కొడుకు పేరే ఉంది, తల్లి ఇచ్చేదానికి సమ్మతిస్తున్నట్టు! చచ్చిపోయినోడు సమ్మతి ఎట్టా ఇస్తాడు. కాబట్టి కొడుకు చావు ఈ దానానికి కారణం కాదు.

ఇక్కడ ఒక మాట. కథ అబద్ధమని తేలినాక దాన్ని పారేయొద్దు, కథని ఒక పేజీలో కాగితాన్ని ఇంకో పేజీలో రాసుకోండి, రెండింటినీ కలపకండి. మన కాటమరాజు కథే చూడండి, ఎర్రగడ్డపాడు యుద్ధం గురించి గొల్లసుద్దుల వాళ్లు రాత్రంతా చెప్తారు, ఎన్ని అద్భుతాలు చేర్చినా మధ్యలో ఉన్నది మాత్రం నెల్లూరు సీమలో ఆవులు మేపుకున్నదానికి పుల్లరి కట్టాలా వద్దా అనే తగాదా. అదీ భూమి సంగతే. జనం కథలో ఏదో ఒక ఎముక మిగిలుంటుంది. స్ట్రిడ్ ప్రమాదం కూడా నిజమే, చూసేదానికి కాలు చాస్తే దాటేంత సందు, లోపల లోతు, సుడి, మనుషులు పోయినారు దాంట్లో, పిల్లల్తో పోతే రాళ్ల దగ్గరికి పోనీయొద్దు.

మూడోది నాకు అన్నింటికన్నా ఇష్టమైంది, లెక్కల పుస్తకం. అన్ని మఠాలకీ ఇది మిగల్లేదు, బోల్టన్‌కి మిగిలింది, 1286 నుంచి 1325 దాకా రాసిన జమాఖర్చులు. దీన్ని కంపోటుస్ అంటారు, ఇప్పుడు అచ్చు పుస్తకంగా కూడా ఉంది. అసలు ప్రతి యాడుందో తెలుసా, చాట్స్‌వర్త్‌లో, డెవన్‌షైర్ డ్యూకుల ఇంట్లో. ఎందుకంటే మఠం పోయినాక భూమి క్లిఫర్డుల చేతికొచ్చింది, తర్వాత పెళ్లి సంబంధాల మీద చేతులు మారి డెవన్‌షైర్ వాళ్లకి చేరింది, భూమితో పాటు దాని కాగితాలూ పోయినాయి. మీరు ఏ మఠం గురించి వెతికినా ముందు ఆ భూమి ఇప్పుడు ఎవరిదో కనుక్కోండి, కాగితాల మూట ఆ ఇంట్లోనో వాళ్లు అప్పగించిన ఆర్కైవ్‌లోనో ఉంటుంది. లండన్‌లో క్యూ అనే చోట నేషనల్ ఆర్కైవ్స్ ఉంది, వాళ్ల వెబ్‌సైట్‌లో మఠం పేరు కొడితే ఏ కాగితం ఏ ఊరి ఆఫీసులో ఉందో చూపిస్తుంది. జిల్లా వారీగా రాసిన విక్టోరియా కౌంటీ హిస్టరీ అనే పెద్ద పుస్తకాల వరస ఉంది, అది చాలా మటుకు బ్రిటిష్ హిస్టరీ ఆన్‌లైన్‌లో ఉంటుంది, యార్క్‌షైర్ మూడో వాల్యూంలో ఒక్కో మఠానికీ చరిత్ర రాసుంటుంది. మొదట అది చదవండి, నేను ఆఖర్న చదివి నెల రోజులు పోగొట్టుకున్నా.

లెక్కల్లో ఏం చూడాల అంటే, అంకెలు ఒక ఏడాదివి చూస్తే ఏమీ తెలీదు, నాలుగైదేళ్లవి పక్కపక్కన ఒక నోట్‌బుక్కులో గీతలు గీసి వేసుకోండి, ఎడమ వైపు ఏడాది, పక్కన గొర్రెలు, ఎద్దులు, ధాన్యం, ఉన్ని అమ్మిన డబ్బు, అప్పు. బోల్టన్ వాళ్లకి ఉన్నే బతుకు. ఆ ఉన్ని కొనేవాళ్లు ఇటలీ నుంచి వచ్చిన వ్యాపారులు, ఇంకా గొర్రె మీద ఉండంగానే రాబోయే ఏళ్ల ఉన్నికి ముందే డబ్బిచ్చేవాళ్లు. ఇది చదివితే మన కందుకూరు, ఒంగోలు పొగాకు రైతులకి వేరే వివరణ అక్కర్లా, పొగాకు కాల్చే బ్యారన్‌కి నిప్పు పెట్టకముందే అడ్వాన్స్ తీసుకుని తర్వాత పంట దెబ్బతింటే ఏమవుతుందో మనకి తెలుసు. వాళ్లకీ అదే అయింది. 1315లో వానలు మొదలై ఆగలా, ఇంగ్లండ్ మొత్తం పంటలు కుళ్లిపోయినాయి, కరువు 1317 దాకా పీడించింది, దానితో పాటు గొర్రెలకి రోగం. నేను వరస వేసుకున్న కాగితంలో మూడు వేలు పైన ఉన్న గొర్రెలు రెండేళ్లలో వెయ్యికి లోపల పడిపోయినాయి. పెన్నుతో ఆ రెండు అంకెలు ఒకదాని కింద ఒకటి రాసినప్పుడు చెయ్యి ఆగింది నాకు. మాకూ గొర్రెలుండేవి, జుడిపి గొర్రెలు, ఒక వానాకాలం నీలినాలుక రోగం వచ్చి దొడ్డి సగం ఖాళీ అయిన తెల్లవారు మా నాయన గేటు పట్టుకుని ఎట్టా నిలబడినాడో నాకు తెలుసు.

అది చాలదన్నట్టు 1314లో బానక్‌బర్న్ దగ్గర ఇంగ్లీషు రాజు ఓడిపోయినాక స్కాట్లు దక్షిణానికి దిగి దోచుకోవడం మొదలుపెట్టినారు, 1318లో, మళ్లీ ఆ మరుసటేడు ఈ వైపుకొచ్చినారు, పశువుల్ని తోలకపోయినారు, 1320లో కానన్లు మఠం వదిలిపెట్టి వేరే మఠాలకి చెదిరిపోవాల్సొచ్చింది. యుద్ధం గురించి పుస్తకాల్లో రాజుల మాటే ఉంటుంది. ఒక ఊరికి యుద్ధం అంటే ఏందో ఈ పద్దుల్లో ఉంది. లెక్కలో ఇంకొకటి కనిపిస్తుంది, దేవుడి పని చేసే కానన్లు కొద్దిమంది, వాళ్ల కోసం దున్నేవాళ్లు, కాసేవాళ్లు, వండేవాళ్లు చాలా రెట్లు. వాళ్ల కూలీ పద్దులు తప్పకుండా రాసుకోండి, శిలాఫలకాల మీద వాళ్ల పేర్లుండవు.

తారీకుల దగ్గర, డబ్బు దగ్గర అందరూ పొరపాటు పడతారు కాబట్టి ఇది నిదానంగా చదవండి. ఇంగ్లండ్‌లో 1752కి ముందు లెక్క ప్రకారం కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, ఉగాది మాదిరి అనుకోండి. కాబట్టి జనవరి, ఫిబ్రవరి తేదీలు పాత కాగితాల్లో వెనకటేడు కింద పడతాయి. బోల్టన్ మఠాన్ని ప్రయర్ రిచర్డ్ మూన్ రాజుకి అప్పగించింది జనవరి 29న, ఒక చోట 1539 అని ఉంటుంది ఒక చోట 1540 అని ఉంటుంది, రెండూ ఒకే రోజు, మన లెక్కన 1540. ఇంకా కాగితాల్లో రాజు ఏలుబడి ఏడాది రాస్తారు. ఎనిమిదో హెన్రీ 1509 ఏప్రిల్ 22న గద్దెనెక్కినాడు, ఆయన 31వ ఏడు అంటే 1539 ఏప్రిల్ నుంచి 1540 ఏప్రిల్ దాకా, ఆ ఏటి జనవరి అంటే 1540దే. చాలా చోట్ల ఎస్టేటు లెక్కలు సెప్టెంబర్ 29కి మూసేవాళ్లు, మన ఫసలీ జులై ఒకటికి మారినట్టు. డబ్బుకొస్తే పౌనుకి 20 షిల్లింగులు, షిల్లింగుకి 12 పెన్నీలు, పెన్నీకి గుర్తు ఇంగ్లీషు డి అక్షరం, నేను చాలా రోజులు దాన్ని ఏందో అనుకున్నా. మార్కు అని ఒకటి వస్తుంది, అది నాణెం కాదు, లెక్క కోసం వాడే పేరు, 13 షిల్లింగుల 4 పెన్నీలు. అణా పైసల కాలం చూసిన మా అమ్మ ఇట్టాంటివి నోటితో కూడేది, నాకు కాలిక్యులేటర్ కావాల్సొచ్చింది. ఆ డబ్బుని ఇప్పటి రూపాయల్లోకి మార్చే ప్రయత్నం చెయ్యొద్దు, తప్పు దారి పట్టిస్తుంది, అదే పుస్తకంలో ఒక ఎద్దు ఎంత, ఒక గొర్రె ఎంత అని చూసుకుని దాంతో పోల్చండి.

ముగింపు ఎట్టా వచ్చిందో అందరికీ కొంత తెలుసు, హెన్రీ పోప్‌తో తెగతెంపులు చేసుకుని మఠాల ఆస్తుల మీద పడినాడు. 1535లో దేశమంతా చర్చి ఆస్తుల ఆదాయం లెక్క కట్టించినారు, వాలర్ ఎక్లెసియాస్టికుస్ అని పేరు, మీ మఠం గురించి మీరు తప్పక చూడాల్సిన కాగితం ఇది. 1536 చట్టంలో ఏడాదికి 200 పౌన్లకి తక్కువ ఆదాయమున్న మఠాలు మూసెయ్యమన్నారు. బోల్టన్ ఆదాయం ఆ గీత కొంచెం దాటింది, దాంతో అప్పటికి గండం గడిచింది, నాలుగేళ్లే. 1542లో కంబర్లండ్ ఎర్ల్ హెన్రీ క్లిఫర్డ్ ఆ భూములు కొన్నాడు.

ఇప్పుడు కాగితాలు మూసేసి మళ్లీ రాళ్ల దగ్గరికి పోండి, ఈసారి మీ కంటికి వేరేగా కనిపిస్తాయి. ఆ కాలం చర్చి మామూలుగా తూర్పు పడమరగా ఉంటుంది, తూర్పు కొస బలిపీఠం, అది కానన్లది. పడమటి భాగం, నేవ్ అంటారు, అది ఊరి జనం ప్రార్థన చేసుకునే చోటు. మఠాన్ని మూసినప్పుడు కానన్ల భాగం రాజు సొత్తైంది, కప్పు పోయింది, ఇట్టాంటి కట్టడాల మీద సీసం రేకులుండేవి, సీసానికి మంచి ధర. ఊరోళ్ల భాగం మీద ఊరికి హక్కుంది కాబట్టి అది చర్చిగా మిగిలింది. నా నిద్ర చెడగొట్టిన ప్రశ్నకి జవాబు అదే. హక్కు ఎంతవరకుందో గోడ అంతవరకు బతికింది.

పడమటి వైపు గుమ్మం దగ్గర ఇంకో వింత ఉంది. ఆఖరి ప్రయర్ మూన్ 1520లో అక్కడొక పెద్ద గోపురం మొదలుపెట్టినాడు, సగమయ్యేసరికి మఠమే పోయింది. మన వైపు మొండి గోపురాలు చూసుంటారు గదా, అట్టా. గోడ మీద తను ఈ పునాది మొదలుపెట్టినానని, తన ఆత్మ మీద దేవుడు కరుణ చూపాలని చెక్కించినాడు. ఆ గోపురం లోపలికి పోయి తలెత్తి చూడండి, దాని వెనక దాక్కుని పదమూడో శతాబ్దపు పాత ముఖద్వారం ఉంది, సన్నటి స్తంభాల వరసలు. కొత్త గోపురం పూర్తయుంటే పాతదాన్ని కొట్టేసేవాళ్లు. అది ఆగిపోవడంతో పాతది వానకి ఎండకి అరక్కుండా దాని నీడలో ఉండిపోయింది. ఆ రాళ్ల దగ్గర ఒక అరగంట ఉండండి. తర్వాత నది మీద అడుగు రాళ్లున్నాయి, అరవై దాకా ఉంటాయి, మనవడి చెయ్యి పట్టుకుని సగం దాకా పోయి ఎనక్కి తిరిగినాం, నీళ్లు ఎక్కువున్నాయి. ఎండాకాలం జొన్నవాడ దగ్గర పెన్నలో ఇసక మీద నడిచి దాటేవాళ్లం, ఆ మాట వాడికి చెప్తే నది ఎండిపోతుందా అని నోరు తెరిచినాడు.

తిరిగొచ్చినాక ఇదే పద్ధతి మా ఊరి శివాలయానికి పెట్టినా, మీరూ పెట్టండి. దానశాసనాల కోసం బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి 1905లో అచ్చేసిన నెల్లూరు జిల్లా శాసనాల మూడు వాల్యూములున్నాయి, తాలూకా వారీగా ఊళ్ల పేర్లు, ఇప్పటి ప్రకాశంలో ఉన్న కొన్ని తాలూకాలు కూడా దాంట్లోనే. ఊరి కథలకి కంపెనీ కాలం సర్వేయరు మెకంజీ ఊరూరా రాయించిన కైఫీయత్తులు. వాలర్ లాంటి ఆస్తి లెక్క కావాలంటే 1858లో మొదలైన ఇనాం కమిషన్ వాళ్ల ఫెయిర్ రిజిస్టర్, గుడికి ఎన్ని ఎకరాల మాన్యం, ఎవరు అనుభవిస్తున్నారో రాసుంటుంది, రెవెన్యూ రికార్డుల్లో నకలు అడగండి, ఒకసారికి దొరక్కపోతే మళ్లీ పోండి.

రాయి చదివేటప్పుడు నూనె, రంగు, సుద్ద పూయొద్దు. నీళ్లతో మెత్తగా కడిగి, చీకటి పడినాక టార్చి పక్క నుంచి వాలుగా కొట్టండి, అక్షరాలు నీడలు పడి లేస్తాయి, ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫోటో తీయండి. మా గుళ్లో ధ్వజస్తంభం పక్కన వంగిపోయిన రాయి మీద నేను చిన్నప్పట్నించి చెప్పులు విడిచేవాడ్ని. మొన్న టార్చి వేస్తే ఒక చెరువు పేరు, దాని కింద ఆచంద్రార్క అనే ముక్క కనపడినాయి, ఆ తర్వాత వరసలు గచ్చు కిందకి పోయినాయి. వచ్చే నెల గుళ్లో గచ్చు పగలగొట్టి టైల్స్ వేస్తామంటున్నారు, మేస్త్రీకి ముందే చెప్పిపెట్టినా, ఆ రాయి అడుగు దాకా బయటపడి నేను ఫోటో తీసుకునే వరకు సిమెంట్ కలపొద్దని.